కారు కింద గుర్రాలు

మా సంస్థ పేరు విదేశీ వాహన మరమ్మతు గ్రంథాల అనువాద, ప్రామాణీకరణ, పర్యవేక్షణ మండలి. విశాఖపట్నంలో ఒక మేడ మీద ఉండేది. పేరు ఒక బోర్డులో పట్టక రెండు కొట్టించారు. గాలివానకు రెండోది ఎగిరిపోయింది. దాంతో కింద నుంచి చూసేవాళ్ళకు మేము ఏం చేస్తామో తెలిసేది కాదు. నా పేరు చింతాడ వామనమూర్తి. అందులో రెండో తరగతి తనిఖీదారుణ్ణి.

మండలి ఎందుకు పుట్టిందో చెప్పాలి. జపాన్ నుంచి ఓడల్లో దిగిన వేగపు కార్లు మా ప్రాంతంలో ముప్ఫై ఒకటి ఉన్నాయి. రెండేసి టర్బోలు, నేలకు జానెడు ఎత్తు, స్టార్ట్ చేస్తే వీధిలో వంటింటి గిన్నెలు కదిలే రకం. వాటిని బాగుచేసే పుస్తకాలు జపాన్ భాషలోనే ఉంటాయి. ఒక పెద్దమనిషి తన కారును ఒక మెకానిక్కు అలాంటి పుస్తకం ముందు పెట్టుకుని విప్పుతుంటే చూశాడు. "మన గడ్డ మీద, మన చేత్తో, మనకు రాని భాష చూసి నట్టు విప్పడమా!" అని ఒక సభలో గద్గదస్వరంతో అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగేలోపు మండలి ఏర్పడింది. ముప్ఫై ఒక్క కార్లకు అరవై నాలుగు మంది ఉద్యోగులం.

మా తొలి ఉత్తర్వులో మూడు ముక్కలున్నాయి. ఒకటి, మండలి ముద్ర వేసిన తెలుగు గ్రంథం లేకుండా ఈ కార్ల మీద ఎవరూ చెయ్యి వేయరాదు. రెండు, ముద్ర లేని అనువాదాలు, మూలాలు, నకళ్ళు, ఫోటోలతో సహా, జపాన్ భాషలో ఉన్నా తెలుగులో ఉన్నా అప్పగించాలి. మూడు, గ్రంథానికీ వాహనానికీ తేడా వచ్చినచోట గ్రంథమే ప్రమాణం. ఈ మూడో ముక్క మా డైరెక్టర్ ఆకొండి విరూపాక్షం గారు స్వయంగా రాశారు. ఆయన సంధుల మీద పరిశోధన చేసిన పండితుడు. జీవితంలో సైకిలు కూడా తొక్కలేదు. అందువల్ల ఆయనకు వాహనాల పట్ల ఏ పక్షపాతమూ లేదని ప్రభుత్వం భావించింది.

నోటీసు పట్టుకుని నేను మొదట వెళ్ళింది ఆటోనగర్‌లో సనపల తవిటయ్య షెడ్డుకి. వెళ్ళేసరికి ఒక ఎర్ర కారు బానెట్టు ఎత్తి ఉంది, ఇంజను తల తీసి బల్ల మీద పెట్టి ఉంది. తవిటయ్య సన్నగా, పొడుగ్గా, యాభై దాటినవాడు. డ్రైవరు తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూచుని చేత్తో పెడల్ నొక్కుతున్నాడు. పక్కన స్టూలు మీద గంజి పెట్టిన నేత చీర కట్టుకున్న ఒకావిడ, ఒళ్ళో జపాన్ పుస్తకం, చేతిలో నోటు పుస్తకం. ఆవిడ ఇందుమతి గారు. ఓడల కర్మాగారంలో జపాన్ ఇంజనీర్లకు ఇరవై రెండేళ్ళు దుబాసీగా పనిచేసి రిటైరయ్యారు.

"ఇక్కడ 'ఆట' అని ఉంది తవిటయ్యగారూ. క్లచ్ పెడల్‌కి పది నుంచి పదిహేను మిల్లీమీటర్ల ఆట ఉండాలిట."

"ఆటేటమ్మా?" తవిటయ్య పెడల్‌ని మెల్లగా నొక్కాడు. "ఇదిగో సూడండి. ఇక్కడి దాకా ఉత్తినే దిగుతాది. ఇక్కణ్ణించి పట్టుకుంటాది. ఈ ఉత్తి దిగుడే మీరు సెప్పే ఆట. మేం ప్లే అంటాం."

"బావుంది. ప్లే అనే రాస్తాను," అని ఆవిడ రాసుకున్నారు.

వాళ్ళ పద్ధతి అదే. ఆవిడకు భాష తెలుసు, కారు తెలియదు. ఆయనకు కారు తెలుసు, అక్షరం తెలియదు. ఆవిడ ఒక మాట చదువుతారు, ఆయన దాన్ని ఇంజనులో వెతికి పట్టుకుని చూపిస్తాడు, ఆవిడ దానికి షెడ్డులో ఉన్న పేరు రాస్తారు. అలా నాలుగేళ్ళలో పదకొండు నోటు పుస్తకాలు నిండాయి. వాటిని ఫోటోలు తీసి ఎవరడిగితే వాళ్ళకు పంపేవాళ్ళు. కొల్హాపూర్‌లో దత్తోబా అనే మెకానిక్కు వాటిని మరాఠీలోకి మార్పించుకుని, బదులుగా తన దగ్గరున్న జపాన్ పేజీలు పంపేవాడు. కోయంబత్తూరు నుంచీ వచ్చేవి. ఒకరి దగ్గర లేని పేజీ ఇంకొకరి దగ్గర ఉండేది. ఎవరూ ఎవర్నీ చూసింది లేదు.

ఆ ఎర్ర కారు ఇందుమతి గారిదే. ఓడల పని ముగించుకుని వెళ్ళిపోతూ మొరిటా అనే పెద్ద ఇంజనీరు తాళాలు ఆవిడ చేతిలో పెట్టి, వంగి నమస్కారం చేసి విమానం ఎక్కాడట. రెండేళ్ళు నడిచి ఆగిపోయింది. అప్పటి నుంచి టార్పాలిన్ కింద ఉంది. ఇప్పుడు బయటికి తీయడానికి కారణం కూడా మేమే. పదిహేనేళ్ళు దాటిన దిగుమతి కార్లు ఆరో నెల ఆఖరులోగా మా మైదానానికి తమ చక్రాల మీద తామే రావాలి, రాకపోతే తుక్కు కింద లెక్క అని మేము రెండో ఉత్తర్వు ఇచ్చాం.

నేను మొదటి ఉత్తర్వు చదివి వినిపించాను. తవిటయ్య చేతులు గుడ్డకు తుడుచుకుంటూ మొత్తం విన్నాడు.

"ఇంజను ఇప్పదీసి ఉన్నాది బాబూ. పుస్తకం మీరట్టుకెల్లిపోతే ఏ బోల్టు ఎంత బిగించాలో నాకెలా తెలుస్తాది?"

"అధికార గ్రంథం త్వరలో వెలువడుతుంది," అన్నాను.

"ఎవరు రాస్తున్నారండీ?" అని ఇందుమతి గారు అడిగారు.

"పన్నెండు మంది పండితులు."

"జపాన్ భాష ఎందరికి వచ్చు?"

ఆ సమాచారం నా స్థాయి ఉద్యోగి దగ్గర ఉండదని చెప్పి, పదకొండు నోటు పుస్తకాలు, మూలగ్రంథం, రెండు ఫోన్లలోని ఫోటోలు స్వాధీనం చేసుకున్నాను. రసీదు ఇచ్చాను. ఇందుమతి గారు రసీదులో రెండు అచ్చుతప్పులు దిద్ది తిరిగి ఇచ్చారు.

పండితసంఘంలో జపాన్ భాష ఎవరికీ రాదు. కార్లు కూడా తెలియవు. కానీ ఒకరి దగ్గర జపాన్ - ఇంగ్లీషు నిఘంటువు, ఇంకొకరి దగ్గర ఇంగ్లీషు - సంస్కృతం, మూడో ఆయన దగ్గర సంస్కృతం - తెలుగు ఉన్నాయి. ముగ్గుర్నీ వరసగా కూచోబెట్టారు. మాట ఒక చివర లోపలికి వెళ్ళి రెండో చివర బయటికి వచ్చేది. మిగతా తొమ్మిది మంది దానికి విభక్తులు చేర్చేవాళ్ళు. నేను స్వాధీనం చేసుకున్న నోటు పుస్తకాలు చూస్తే పని తేలికవుతుందని చెప్పబోయాను. డైరెక్టర్ గారు చెవులు మూసుకున్నారు.

"అనధికార అనువాదాన్ని అవలోకించుట సైతం అపరాధమే వామనమూర్తిగారూ. ముద్రవేసి బీరువాలో ఉంచండి. మనం నిర్మలమైన మనస్సుతో ప్రారంభించాలి."

నలభై మూడో పేజీ దగ్గర పని ఆగింది. కారును జాకీతో ఎత్తిన తర్వాత నాలుగు మూలలా కింద 'ఉమ' పెట్టాలని మూలంలో ఉంది. నిఘంటువులు మూడూ ఏకగ్రీవంగా గుర్రం అన్నాయి. గుర్రము అనాలా, అశ్వము అనాలా, తురగము అనాలా అన్నదాని మీద నాలుగు రోజులు చర్చ జరిగింది. కారు కింద గుర్రం ఎందుకని ఎవరూ అడగలేదు. అది భాషకు సంబంధించిన ప్రశ్న కాదు. చివరికి సామాన్య ప్రజలకు అర్థం కావాలన్న ఉదారభావంతో గుర్రము అని నిర్ణయించారు.

గ్రంథం విడుదలయింది. ఎనిమిది వందల పేజీలు, తోలు అట్ట. నలభై మూడో పేజీలో ఇలా ఉంది: "వాహనమును పైకెత్తి, దిగువ నాలుగు మూలలయందును నాలుగు గుర్రములను నిలుపవలెను." మర్నాడే ఇందుమతి గారు డైరెక్టర్ గారి గదిలో ఉన్నారు.

"ఉమ అంటే గుర్రమేనండీ, కాదనను. కానీ జపాన్ షెడ్డుల్లో ఇనుప స్టాండుని ఆ పేరుతో పిలుస్తారు. నాలుగు కాళ్ళ మీద నిలబడి బరువు మోస్తుంది కాబట్టి. మనకీ ఉన్నాయి కదా అలాంటివి. మీ బీరువాకు వేసింది తాళంకప్ప. అందులో కప్ప ఉందా?"

డైరెక్టర్ గారు బీరువా వైపు చాలాసేపు చూశారు. ఆయన ముఖంలో ఇంతకుముందు లేని కలవరం కనిపించింది.

"మీరు లేవనెత్తినది మౌలికమైన అంశం. వామనమూర్తిగారూ, రాసుకోండి. కప్ప విషయమై ఒక ఉపసంఘం వేద్దాం. గుర్రం విషయం మాత్రం ముగిసింది. అచ్చయిపోయింది."

"అచ్చయిన తప్పు తప్పు కాదా అండీ?"

"అచ్చయిన పిమ్మట అది పాఠం, అమ్మా."

అలా గుర్రాల కార్యక్రమం మొదలయింది. కారు ఒక్కింటికి నాలుగు, ముప్ఫై ఒక్క కార్లకు నూట ఇరవై నాలుగు గుర్రాలు కావాలి. బీచిలో పిల్లల్ని తిప్పేవి పదకొండే ఉన్నాయి. పెళ్ళి ఊరేగింపుల గుర్రాలన్నీ ఆటోనగర్‌కి చేరిపోయాయి. ఆ నెలలో పెళ్ళికొడుకులు ఆటోల్లో వచ్చారు. గుర్రాలు దొరకని ఒక షెడ్డు యజమాని గాడిదల్ని అనుమతించమని అర్జీ పెట్టుకున్నాడు. "గాడిద గుర్రానికి పర్యాయపదము కాదు" అని సంఘం జవాబు రాసింది. జవాబులో సంఘం చూపిన నిఘంటు ప్రమాణాలు పద్నాలుగు.

తవిటయ్య బీచికి వెళ్ళి గుర్రాలు తిప్పే యల్లాజీని పట్టుకున్నాడు. యల్లాజీ నాలుగు గుర్రాలతో పొద్దున్నే షెడ్డుకు వచ్చి, ఎర్ర కారు వైపు చూసి, వంగి దాని కింద చూసి, గుర్రాల వైపు చూశాడు.

"తవిటన్నా, దీని కింద పిల్లి కూడా దూరదు."

"నాకు తెల్దేటిరా? ఈ బాబుకి సెప్పు."

నేను పై అధికారులకు నివేదించాను. డైరెక్టర్ గారు, మా జీవసంక్షేమ సలహాదారు కలిసి విచ్చేశారు. సలహాదారు పదమూడు వందల కిలోల కారును గుర్రాల మీద పెట్టడం జీవహింస అన్నారు. డైరెక్టర్ గారు గుర్రాలు లేకుండా కారు పెట్టడం గ్రంథహింస అన్నారు. ఇద్దరూ రెండు కొబ్బరిబోండాలు తాగేంతసేపు ఆలోచించారు. గ్రంథంలో 'మోయించవలెను' అని లేదు, 'దిగువ నిలుపవలెను' అని మాత్రమే ఉందని సలహాదారు కనిపెట్టారు. ఆ మాటతో సమస్య విడిపోయింది. కారును లిఫ్టు మీద ఏడడుగుల ఎత్తుకు లేపాలి. గుర్రాలు దాని కింద ఊరికే నిలబడతాయి.

"మరి కారుని నిజంగా మోసేది లిఫ్టే కదండీ?" అన్నారు ఇందుమతి గారు.

"లిఫ్టు గ్రంథంలో లేదు. కనుక దాన్ని మనం చూడరాదు," అన్నారు డైరెక్టర్ గారు. లిఫ్టు స్తంభాలకు దుప్పట్లు కప్పించారు.

గుర్రాలు ఎండ నుంచి నీడకు వచ్చినందుకు సంతోషించాయి. గేరుబాక్సు కింద నిలబడ్డ తెల్లదాని వీపు మీద నూనె చుక్కలు పడేవి. రోజూ తుడిచేవాళ్ళం. ప్రతి గుర్రానికీ పరికరం సంఖ్య కేటాయించి, మెడలో బిళ్ళ కట్టాను. మూడో సంఖ్య పరికరం నా తనిఖీ పత్రం తినేసింది. పరికరం తనిఖీని తినవచ్చునా అని నేను రాసిన లేఖకు ఇప్పటికీ సమాధానం రాలేదు.

తర్వాత ఆట వచ్చింది. సంఘంవారు పెడల్ ప్లేని ఇలా తెనిగించారు: "పిదప పాదపీఠముతో పది మొదలు పదునైదు మిల్లీమీటర్ల వరకు ఆడుకొనవలెను." ఏ ఆట అన్నది చెప్పలేదు గనుక స్థానికాచారం పాటించవచ్చని వివరణ వచ్చింది. మిల్లీమీటర్లు ఎందుకన్న సందేహం తీరడానికి రెండు సమావేశాలు పట్టాయి. ఆటబల్ల పదిహేను మిల్లీమీటర్లకు మించరాదని తేలింది. తవిటయ్య గోరంత అట్టముక్క మీద అష్టాచెమ్మా గళ్ళు గీశాడు. పెడల్ పక్కన కూచుని ఇందుమతి గారూ ఆయనా చింతగింజ పొట్టు రవ్వల్ని పిన్నుతో జరుపుతూ ఆడారు. నేను స్కేలు పెట్టి కొలిచి ధ్రువీకరించాను. ఇందుమతి గారికి నవ్వు వచ్చి రవ్వలన్నీ ఎగిరిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి ఆడించాల్సి వచ్చింది.

ఇంతవరకూ నేను నా విధి నిర్వర్తించాను. ఆ తర్వాత జరిగింది కూడా విధేనని ఇప్పటికీ నా వాదన.

గడువు పెట్టిన నెలాఖరుకు ఆరు రోజులు ఉంది. ఇంజను తల బిగించాలి. అధికార గ్రంథంలో ఆ భాగం చూస్తే "శిరస్సును తగురీతిని బంధింపవలెను" అని ఉంది. ఏ వరసలో, ఎంత బిగువులో అంకెలు లేవు. అంకెలు కావ్యభాషకు పొసగవని సంఘం తీసేసింది. తవిటయ్య పానా చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. అంతకుముందు నేనాయన్ను అలా చూడలేదు.

"ఊహించి బిగించొచ్చు బాబూ. ఎక్కువైతే తల పగులుతాది, తక్కువైతే నీల్లు లోపలికి దిగుతాయి. ఇలాటి తల ఇంకోటి ఈ దేశంలో దొరకదు. అమ్మగారి బండి నా సేత్తో పాడైపోతే నానింకీ షెడ్డు తెరవను."

ఇందుమతి గారు పుస్తకం ఉంటే అర నిమిషంలో చదివి చెప్పేవారు. పుస్తకం మా బీరువాలో ఉంది. దాన్ని అక్కడ పెట్టింది నేను. నాకు ఉన్నట్టుండి ఉత్తర్వు రెండో ముక్క గుర్తొచ్చింది. జపాన్ భాషలో ఉన్నా తెలుగులో ఉన్నా.

"మరాఠీ మా పరిధిలోకి రాదు," అన్నాను గోడవైపు చూస్తూ.

ఇద్దరూ నావైపు చూశారు. తవిటయ్య ఫోన్ తీశాడు.

దత్తోబా గొంతు షెడ్డంతా వినిపించింది. మొదట మా క్షేమం అడిగాడు, తర్వాత గుర్రాల క్షేమం అడిగాడు. సంగతి కొల్హాపూర్ దాకా వెళ్ళింది. తర్వాత తన మరాఠీ నోటు పుస్తకం తెరిచి, తనకొచ్చిన హిందీలో చదివాడు. ఆయన హిందీని ఇందుమతి గారు తెలుగులో చెప్పారు. జపాన్‌లో బయల్దేరిన మాట మా ఆటోనగర్ దాటి కొల్హాపూర్ వెళ్ళి తిరిగొస్తోంది. మధ్య బోల్టుల నుంచి మొదలుపెట్టి బయటికి రావాలి. మొదట మూడు కిలోల బిగువు, తర్వాత ఏడు, ఆ తర్వాత తొంభై డిగ్రీలు తిప్పాలి.

"తొంభై కాదు, అరవై అనుకుంటా," అన్నారు ఇందుమతి గారు.

అవతల పేజీ తిప్పిన చప్పుడు. "తాయీ, మీ తవిటయ్య పక్కనే బొమ్మ గీశాడు. గడియారంలో పన్నెండు నుంచి మూడు దాకా. అదీ ఫోటోలో వచ్చింది."

"తొంభయ్యే," అన్నాడు తవిటయ్య. ఆయన ముఖం వెలిగిపోయింది. అక్షరం రాని మనిషి గీసిన గీత వెయ్యి కిలోమీటర్లు పోయి మళ్ళీ ఆయనకే దారి చెప్పింది.

సాయంత్రం నాలుగింటికి ఇంజను స్టార్టయింది. నాలుగు గుర్రాలూ ఒకేసారి తలలెత్తి పైకి చూశాయి. యల్లాజీ పగ్గాలు పట్టుకుని వేలాడాడు. నేను ధ్రువీకరణ పత్రం మీద సంతకం చేశాను.

నెలాఖరు ఉదయం మైదానంలో షామియానా వేశారు. ఒక పక్క తుక్కు మోసుకుపోయే క్రేను నిలబెట్టారు. డైరెక్టర్ గారు గ్రంథం ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. వెనక పన్నెండు మంది పండితులు. ఎర్ర కారు మెల్లగా లోపలికి వచ్చింది. నడుపుతున్నది ఇందుమతి గారు. దానికి ముందు రెండు, వెనక రెండు గుర్రాలు, గ్రంథం ప్రకారం వాహనంలో భాగాలు కనుక. జనం దండ కోసం వెతికారు, లోపల ఎవరో దేవుడున్నాడనుకుని.

చక్రాలు చూశారు. దీపాలు చూశారు. ఆట జరిగిందా అని అడిగారు, జరిగిందని నేను సాక్ష్యం చెప్పాను. డైరెక్టర్ గారు చివరి పేజీ తెరిచారు.

"శక్తి: రెండువందల ఎనుబది గుర్రములు." ఆయన కళ్ళజోడు సవరించుకుని లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. "నాలుగు మాత్రమే ఉన్నవి."

వెనక పండితులు తీసివేత లెక్క చేసి చీటీ అందించారు.

"లోపం రెండువందల డెబ్బది ఆరు," అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. "గ్రంథమే ప్రమాణం. విచారిస్తున్నాను. తుక్కు."

క్రేను కదిలింది. తవిటయ్య వెళ్ళి కారుకూ క్రేనుకూ మధ్య నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. ఇందుమతి గారు అద్దం దించారు.

"మిగతావి లోపల ఉన్నాయండీ."

"లోపలనా?"

"బానెట్టు కింద. మీరు చూడకుండా లేవని ఎలా రాస్తారు? ప్రత్యక్ష పరిశీలన అవసరం లేదా?"

డైరెక్టర్ గారు నావైపు తిరిగారు. నియమావళిలో అలా ఉందా అని ఆయన కళ్ళు అడిగాయి. "పన్నెండో నియమం," అన్నాను. పన్నెండో నియమం సెలవుల గురించి. ఆయన లేచి పంచె సర్దుకుని కారెక్కారు. ఇందుమతి గారు వంగి ఆయనకు బెల్టు పెట్టారు. తవిటయ్య కిటికీ దగ్గరకు వచ్చాడు.

"బాబుగారూ, కల్లజోడు జేబులో ఎట్టుకోండి."

మొదటి చుట్టు మామూలుగా సాగింది. రెండో చుట్టులో టర్బోలు అందుకున్నాయి. షామియానా ఒక పక్కకు ఒరిగింది. పండితుల ఉత్తరీయాలు లేచాయి. కారు మా ముందు నుంచి పోతున్నప్పుడు డైరెక్టర్ గారి గొంతు వినిపించింది: "వేగమును నియంత్రింపవలసినదిగా..." వాక్యం వంపు తిరిగి వెళ్ళిపోయింది. మూడో చుట్టులో "ఓరి నాయనోయ్!" అన్నారు. ఆయన సర్వీసులో వ్యాకరణం చూసుకోకుండా మాట అనడం అదే మొదటిసారి. నాలుగో చుట్టులో ఏ మాటా లేదు. నవ్వు. అరవై ఏళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా, ఊపిరి అందకుండా, గట్టిగా నవ్వుతున్నారు. ఆ నవ్వు మైదానం చుట్టూ ఒక చక్కరు కొట్టి మా ముందు ఆగింది.

ఆయన దిగారు. జుట్టు నిలబడి ఉంది. కాసేపు కారు పట్టుకుని నిలబడ్డారు. నేను పత్రం, కలం అందించాను. రాయడం మొదలుపెట్టి ఆగారు.

"రెండువందల డెబ్భై ఆరు అన్నామా?"

"అవునండీ."

"లెక్క తప్పు వామనమూర్తీ. ఇంకా ఎక్కువే ఉన్నాయి." సంతకం చేశారు. తర్వాత ఇందుమతి గారి వైపు తిరిగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు, "ఇంకోసారి పరిశీలించడం మంచిదేమో" అన్నారు.

మూడుసార్లు పరిశీలించారు. సంఘం సభ్యులు కూడా వరసలో నిలబడ్డారు.

ఉత్తర్వు రద్దు కాలేదు. ఉత్తర్వులు రద్దు చేసే అధికారం మాకు లేదు, ఇచ్చే అధికారమే ఉంది. కానీ ఒక వివరణ వెలువడింది: "గుర్రములు వాహనాంతర్గతములై యుండవచ్చును. అట్టిచో బాహ్యగుర్రములు ఐచ్ఛికములు." ఆటోనగర్ నుంచి గుర్రాలు ఇళ్ళకు పోయాయి. పెళ్ళికొడుకులు మళ్ళీ ఎత్తులో కూచున్నారు. ముద్ర వేసిన నోటు పుస్తకాలు మాత్రం బీరువాలోనే ఉన్నాయి. ముద్ర వేసే విధానం ఉంది, తీసే విధానం ఇంకా రాయలేదు. ఇందుమతి గారు పన్నెండో నోటు పుస్తకం కొని మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. దత్తోబా చదువుతాడు, ఆవిడ చెబుతారు, ఆఫీసు అయ్యాక వెళ్ళి నేను రాస్తాను. నా దస్తూరి బాగుంటుంది.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ మమ్మల్నిద్దర్నీ భీమిలి రోడ్డు మీద తీసుకెళ్ళారు. నేను వెనక సీట్లో మడతపడి కూచున్నాను. తవిటయ్య ముందు కూచున్నాడు, ఉతికిన చొక్కాతో, సీటు మాసిపోతుందేమోనని అంచున. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి కార్లు బాగుచేస్తున్నాడు. నడిచే కారులో ఇలా కూచోవడం ఇదే మొదటిసారట.

"నానెప్పుడూ కింద నుంచే సూసేనమ్మా," అన్నాడు.

కుడివైపు సముద్రం వచ్చింది. ఆవిడ గేరు మార్చి యాక్సిలరేటర్ నొక్కారు. తవిటయ్య వీపు మొదటిసారి సీటుకు ఆనింది. కాసేపు ఇంజను చప్పుడు విన్నాడు, ఒక్కో సిలిండరునూ పేరుపెట్టి పలకరిస్తున్నట్టు తల ఊపుతూ. తర్వాత కళ్ళు తుడుచుకోవడం అద్దంలో కనిపించింది. ఇందుమతి గారు కంగారుపడి వేగం తగ్గించారు.

"ఏమైంది తవిటయ్యగారూ? ఆపమంటారా?"

"ఆపకండమ్మా," అన్నాడు. "ఆపకండి."